దుర్గాబాయి మూర

మన దేశం ఎందుకు వెనకబడిందో నాకు పోయినేడు జూన్‌లో తెలిసింది. షామీర్‌పేట బస్టాపు దగ్గర దుర్గాబాయి మల్లెపూలను మూరల లెక్కన అమ్ముతున్నందుకు వెనకబడింది. అంతకుముందు నేను వేరే కారణాలేవో ఉన్నాయనుకునేవాణ్ని.

ఈ జ్ఞానం నాకు ప్రసాదించినవారు భానుప్రకాశ్ గారు. యాప్రాల్‌లో ఉంటారు. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చుంటే ఏం తోచలేదో, ఇంట్లోవాళ్లకే తోచనివ్వలేదో గానీ, మెట్రిక్ మిత్రమండలి అని ఒక సంఘం పెట్టి దానికి తానే అధ్యక్షుడయ్యారు. చిన్న వ్యాపారులను మీటర్లకూ కిలోలకూ లీటర్లకూ మళ్లించడం ఆ సంఘం పని. ప్రోత్సహించడమే తప్ప బలవంతం లేదని ఆయన ప్రతి రెండు మాటలకోసారి అంటారు. ప్రోత్సాహానికి కరపత్రాలు కావాలి గనక నా దగ్గరికొచ్చారు.

నా పేరు నగేష్. పదకొండేళ్లుగా బస్టాపును ఆనుకుని జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఆధార్ కార్డుల లామినేషన్ నుంచి పెళ్లి కార్డుల దాకా అన్నీ చేస్తాను. భానుప్రకాశ్ గారు కరపత్రం మీద "ఏకరూప ప్రమాణమే ప్రగతికి సోపానం" అని రాసుకొచ్చారు. మా వైపు సోపానం అంటే కొత్త రకం సబ్బు అనుకుంటారని చెప్పి, "అర మీటరు అందరికీ ఒకటే" అని నేనే మార్పించాను. ఆయన చాలా సంతోషపడ్డారు. తర్వాత జరిగినదాంట్లో నా చెయ్యి లేదని నేను అనలేను.

కరపత్రాలు ప్రింటవుతుండగా ఆయన గుమ్మంలో నిలబడి రోడ్డంతా పరికించారు. ఎదురుగా ధర్మేందర్ అనే ఆయన ప్లాట్ల ఆఫీసు ఉంది. దాని నెత్తి మీద ఇంటి తలుపంత బోర్డు. బోర్డు మీద గజం అన్న మాట నాలుగుసార్లు ఉంది. ముందు అక్కడికి పోదామా సార్ అని అడిగాను.

"అది పెద్ద వ్యాపారం. దశలవారీగా వెళ్లాలి" అన్నారాయన.

"మీరు ఇక్కడ ప్లాటు తీసుకున్నారని విన్నాను సార్. ఎంత?"

"రెండు వందల గజాలు" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా. తర్వాత ఒక క్షణం ఆగి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

మొదటి దశ దుర్గాబాయి పూలగంప అయింది.

దుర్గాబాయికి యాభై ఏళ్లుంటాయి. బాగా పొడుగు మనిషి. బస్సు ఎక్కితే పైనున్న కడ్డీ ఆమె భుజాల దాకా దిగొచ్చినట్టుంటుంది. పుట్టిల్లు నాగారం. పెళ్లయి షామీర్‌పేటకు వచ్చిన కొత్తలో, పూలమ్మే అత్త ఆమెను గంప ముందు కూర్చోబెట్టి చెయ్యి చాపమందట. చాపితే ఒకసారి చూసి, "గీ సెయ్యితోని అమ్మితే మనం మునుగుతం" అని తేల్చేసింది. అందుకని అత్త బతికున్నన్నాళ్లూ కోడలికి పూలు అల్లే పనే. కొలిచే పని ఇవ్వలేదు. అత్త పోయాక గంప కోడలి చేతికొచ్చింది. ఇరవై రెండేళ్లయింది, ఆమె ఇంకా మునగలేదు. భర్త బాలేష్ మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ మధ్య షేర్ ఆటో తిప్పుతాడు. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెచ్చి పడేసి, తన దారిన తాను పోతాడు. మిగతాదంతా ఆమే చూసుకుంటుంది.

మూర అంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా. అది లోకానికి. దుర్గాబాయి అక్కడ ఆగదు. దారం వేలికొసకు చేరాక, ఎడమచేతి నాలుగు వేళ్లు అడ్డం పెట్టి, ఆ మేర కూడా వదిలి, అప్పుడు తెంపుతుంది. ఎందుకక్కా అని ఒకసారి అడిగాను.

"జడల పెట్టుకునేటప్పుడు ముడికి కొంత పోతది గద తమ్మీ. ముడికి పోయింది పెట్టుకున్నట్టు ఎట్లయితది?" అంది.

దానధర్మం కాదన్నమాట. ఆమె దృష్టిలో అదే సరైన కొలత, మిగతావాళ్లది తప్పు.

ఆమెకు పది అడుగుల దూరంలో గొడుగు కింద గౌరయ్య కూర్చుంటాడు. అదే వ్యాపారం. మనిషి పొట్టి, చెయ్యి ఇంకా పొట్టి. పైగా కొలిచేటప్పుడు వేళ్లు ముడిచి పిడికిలి దగ్గరే తెంపుతాడు. అదేందన్నా అంటే, "దారం వేలు కోస్తాంది" అంటాడు. ఇరవై ఏళ్లుగా ఆ వేలు కోసుకుపోతూనే ఉంది, ఇంకా ఊడిపడలేదు. బస్సు కదిలిపోతుందన్న తొందరలో ఉన్నవాళ్లు గౌరయ్య దగ్గర కొంటారు. రెండు నిమిషాలు తీరిక ఉన్నవాళ్లు దుర్గాబాయి దగ్గరికొస్తారు. పెళ్లిళ్లప్పుడైతే దుండిగల్ నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. ఆమెకు షాపు లేదు, బోర్డు లేదు. ఫోన్‌లో డబ్బులు కొట్టే స్టిక్కరు కూడా బాలేష్ పేరు మీదే ఉంది. ఆమెకంటూ ఉన్న ఆస్తి ఒక్క మాట. దుర్గాబాయి మూర పెద్దది అన్న మాట. కొత్త కాలనీల్లో అద్దెకు దిగినవాళ్లకు నీళ్ల ట్యాంకరు నంబరుతోపాటు ఇదీ చెబుతారు.

భానుప్రకాశ్ గారు ముందు గౌరయ్య దగ్గరికి పోయి, "మీటరు గురించి మాట్లాడదామని వచ్చామయ్యా" అన్నారు. గౌరయ్య లేచి నిలబడ్డాడు. గొడుగు కింద వెలుగుతున్న బల్బు, ఛార్జింగ్‌లో ఉన్న ఫోను, స్తంభం నుంచి దిగిన వైరు, మూడూ ఒక్క గుంజుకు మాయమయ్యాయి. "నాకు కరెంటే లేదు సార్. సీకట్లనే అమ్ముకుంట" అన్నాడు. పట్టపగలు పదకొండు గంటలకు. మేం వచ్చింది ఆ మీటరు కోసం కాదని నచ్చచెప్పేసరికి కాస్త సేపు పట్టింది. ఊపిరి పీల్చుకున్నాక ఏ మీటరుకైనా సరే ఒప్పుకునే స్థితిలో ఉన్నాడు. కానీ తెలివైనవాడు గనక, "దుర్గక్క మీటరు పడితేనే నేను గూడ పడత" అని ఒక మెలిక పెట్టాడు.

దుర్గాబాయి చెయ్యి కొలవడానికి భానుప్రకాశ్ గారు టేపు తీశారు. ఆమె సిగ్గుపడుతూనే చాపింది. చేతికి నలభై ఏడు, నాలుగు వేళ్లకు ఏడు. మొత్తం యాభై నాలుగు సెంటీమీటర్లు. గౌరయ్య పిడికిలి దాకా ముప్పై ఎనిమిది వచ్చింది. ఆయన కాగితం తీసి లెక్క కట్టారు.

"అమ్మా, అర మీటరు అంటే యాభై. మీరు మూరకు నాలుగు సెంటీమీటర్లు ఊరికే ఇచ్చేస్తున్నారు. రోజుకు వంద మూరలు, ఏడాదికి మూడు వందల రోజులు, ఇరవై రెండేళ్లు. ఇరవై ఆరు కిలోమీటర్ల పూలు నష్టపోయారు. ఇక్కడి నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దాటుతుంది."

ఆమె గుండె గుభేలుమంటుందని ఆయన అనుకున్నారు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అల్వాల్ మీదికెళ్లేనా సార్?" అంది. అవునన్నారాయన. "గంత దూరం పూలు పరిసిననా నేను?" అని గౌరయ్య వైపు తిరిగి, "ఇన్నవా?" అంది. అంత సంతోషం ఆమె ముఖంలో నేను వాళ్ల కూతురి పెళ్లప్పుడు కూడా చూడలేదు.

లెక్కలతో పని జరగదని గ్రహించి ఆయన దారి మార్చారు. "మీ సంగతి కాదమ్మా. ముప్పై ఎనిమిది తీసుకుంటున్నవాళ్ల సంగతి చూడండి. మీరు మొదలుపెడితే ఆయనా మారతాడు. అందరికీ ఒకే న్యాయం" అన్నారు.

దుర్గాబాయి ఆలోచనలో పడింది. నా వైపు చూసింది. కరపత్రాల కట్ట నా చేతిలోనే ఉంది.

"తీసుకో అక్కా. మంచి పనే గదా" అన్నాను.

ఆ మాట నాకు ఖర్చులేనిది. పసుపు రంగు వేసి, మీద నా నినాదం రాసిన అర మీటరు కట్టెలు ఇద్దరికీ చెరొకటి ఇచ్చారు. ఆమె కట్టెను కళ్లకద్దుకుని తీసుకుంది. గౌరయ్య దాంతో వీపు గోక్కుని చూసుకున్నాడు.

మొదటి రోజు ఆమె కట్టెతో కొలిచి, అలవాటు కొద్దీ నాలుగు వేళ్లు అడ్డం పెట్టింది. చూడడానికే వచ్చిన భానుప్రకాశ్ గారు ఆపారు. "అప్పుడది అర మీటరు కాదమ్మా. ఒకరికొక కొలత, ఇంకొకరికొక కొలత అయితే మనం ఇంత చేసి లాభమేముంది?" ఆమె మాట ఇచ్చింది. ఇచ్చాక తప్పే మనిషి కాదు. వేళ్లు వెనక్కి తీసుకుంది.

ఇక్కణ్నుంచి విజ్ఞానశాస్త్రం తన పని తాను చేసుకుపోయింది. దుర్గాబాయి మూర నాలుగు తగ్గింది. గౌరయ్య మూర పన్నెండు పెరిగింది. ఇద్దరి దగ్గరా ఇప్పుడు ఒకటే, యాభై. కానీ కొనేవాళ్లెవరూ యాభైని చూడరు. నిన్నటిదాన్ని చూస్తారు. ఇరవై ఏళ్లు పిడికిలి దగ్గర తెంపినవాడు ఒక్కసారిగా ధర్మాత్ముడయ్యాడు. ఇరవై రెండేళ్లు వేళ్లు అడ్డం పెట్టి ఇచ్చినామె పిసినారి అయింది.

చామంతి తోట జలాల్ భార్య కనీజ్ ఏళ్ల తరబడి ఆమె దగ్గరే మల్లెలు కొంటుంది. ఆ వారం దండ చేతిలోకి తీసుకుని పైకెత్తి చూసి, "ఏంది దుర్గా, కట్టె రాంగనే నీ దిల్ గూడ చిన్నగయిందా?" అంది.

"గా కట్టె అందరికీ ఒకటేనమ్మా" అంది దుర్గాబాయి.

"గౌరయ్య తాన మస్తు ఇస్తాండట. నువ్వు మంచిగుండేదానివి" అని కనీజ్ పోయింది. కోపంగా కూడా అనలేదు, జాలిగా అంది. దుర్గాబాయి చాలాసేపు పూల మీద నీళ్లు చల్లుతూ కూర్చుంది. అప్పటికే అవి బాగా తడిసి ఉన్నాయి.

మా ఇంట్లోనూ అదే తీర్పు. మా ఆవిడ స్రవంతి శుక్రవారం పూలు జడలో పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "దుర్గక్క మారింది. వచ్చే వారం గౌరయ్య దగ్గర తే, అక్కడ పెద్దగ ఇస్తుండట" అంది. రెండు చోట్లా ఒకటేనని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినవాణ్ని నేను. ఆ మాట అచ్చేసింది నేను. అయినా ఇంట్లో లెక్కల పాఠం చెప్పే ధైర్యం లేక, వచ్చే వారం దుర్గాబాయి ముందు నుంచే నడిచి గౌరయ్య దగ్గరికి పోయాను. పదకొండేళ్లలో మొదటిసారి. మల్లెలు సంచిలో దాచుకుని వస్తుంటే ఆమె పిలిచింది.

"తమ్మీ, నా తాన అయిపోయినయనుకున్నవా? అడుగున ఇంక ఉన్నయి గద."

నాకు సాకు వెతుక్కునే శ్రమ కూడా లేకుండా చేసింది. అవునక్కా, అయిపోయాయనుకున్నా అన్నాను.

నెల తిరిగేసరికి సాయంత్రం ఏడింటికి ఆమె గంపలో సగం పూలు మిగిలేవి. బాలేష్ మార్కెట్ నుంచి తెచ్చేది తగ్గించాడు. మిగిలినవి తీసుకుపోయి రోజూ తన ఆటో అద్దానికి వేలాడదీసేవాడు. ఆ ఆటో ఊరేగింపుకు పోతున్నట్టు తిరిగేది.

భానుప్రకాశ్ గారు మాత్రం ఆనందంలో మునిగి తేలారు. గౌరయ్య అమ్మకాలు పెరిగాయి. శాస్త్రీయమైన కొలత వ్యాపారాన్ని పెంచుతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి. మేడ్చల్‌లో ఒక చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడి, ఆదర్శ మెట్రిక్ వ్యాపారిగా గౌరయ్యకు సన్మానం చేశారు. సర్టిఫికెట్ నేనే ప్రింట్ చేశాను, లామినేషన్ ఉచితం. సన్మానానికి పూలదండ కూడా గౌరయ్య దగ్గరే కొన్నారు. తను అల్లిన దండను తనే మెడలో వేయించుకుని, శాలువా కప్పించుకుని, "నేను మొదటి సంది మీటరు మనిషినే" అని ప్రసంగించాడు. చప్పట్లు కొట్టారు. దుర్గాబాయి వెనక వరుసలో కూర్చుని తనూ కొట్టింది. నేను ఆమె వైపు చూడకుండా ఫోటోలు తీశాను.

మర్నాడు పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే ఆమె మెట్ల మీద నిలబడి ఉంది.

"తమ్మీ, ఒక బోర్డు గొట్టియ్యాలె."

"ఏమని?"

"దుర్గాబాయి మూర యాభై నాలుగు."

నేను ఆమె ముఖంలోకి చూశాను. నవ్వులాట కాదు.

"సెంటీమీటర్లు అని గూడ రాయి. సారు బాధపడతడు. ముడికి కొంత పోయినంక మనిషికి యాభై మిగలాలె. అర మీటరు అంటే గదే గద" అంది. పాత కట్టెను పక్కన పెట్టి, వడ్రంగి దగ్గర యాభై నాలుగుకు కొత్తది కోయించుకుని అంకెలు కూడా వేయించుకుంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినాయనకు తట్టనిది ఆమెకు తట్టింది. కొలత మారిస్తే సరిపోదు, దేన్ని కొలుస్తున్నామో చూడాలి.

ఆ శనివారం భానుప్రకాశ్ గారొచ్చి బోర్డు ముందు నిలబడి మూడుసార్లు చదివారు. తప్పు దొరుకుతుందేమోనని నేను కూడా ఎదురుచూశాను. చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇది పూర్తిగా మెట్రిక్కే" అన్నారు. మంచి మనిషే. ఫోటో కూడా తీసుకున్నారు. ఆమె దగ్గర నాలుగు మూరలు, క్షమించాలి, రెండు మీటర్ల పదహారు సెంటీమీటర్ల మల్లెలు కొనుక్కుని యాప్రాల్ బస్సెక్కారు.

జనం మెల్లగా తిరిగొచ్చారు. కనీజ్ వచ్చి, ఏమీ జరగనట్టు మూడు మూరలు తీసుకుని పోయింది. అది చూసి గౌరయ్య నా దగ్గరికొచ్చి తనూ ఒక బోర్డు కొట్టించుకుని, దాని మీద యాభై అయిదు రాయించుకున్నాడు. బోర్డు అయితే వచ్చింది గానీ, కట్టె మారలేదు. కట్టె పైన పిడికిలి కూడా మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. ఒక రోజు బస్సు దిగిన వర్ష అనే నర్సు తన బ్యాగులోంచి టేపు తీసి అక్కడికక్కడే కొలిస్తే నలభై ఎనిమిది వచ్చింది. బస్టాపులో పెద్ద పంచాయితీ. గౌరయ్య వేలు చూపించాడు గానీ ఎవరూ వినలేదు.

దాంతో ఊళ్లో కొలత జబ్బు పట్టుకుంది. స్కేళ్లు తెచ్చారు, టేపులు తెచ్చారు, కొందరు ఫోన్లలోనే కొలిచారు. ఆ వారం మా బస్టాపులో పూలు పెట్టుకున్నవాళ్లకంటే పూలు కొలిచినవాళ్లు ఎక్కువ. ఇద్దరినీ ఒకే గాటన కట్టారు. భానుప్రకాశ్ గారి ఆశయం ఇంత త్వరగా నెరవేరుతుందని ఆయన కూడా అనుకుని ఉండరు.

శుక్రవారం నేను దుర్గాబాయి దగ్గర ఒక మూర కొన్నాను. "స్రవంతి మంచిగున్నదా తమ్మీ" అని అడిగింది. మంచిగుంది అక్కా అని షాపులోకి వచ్చాను. కౌంటరు మీద నా స్టీలు స్కేలు పడి ఉంది. చెయ్యి ఊరుకోలేదు. దండ పరిచి, ఒక కొసన వేలు నొక్కిపెట్టి, స్కేలును ఒకసారి, మళ్లీ జరిపి ఇంకోసారి పెట్టి చూశాను. సరిగ్గా యాభై నాలుగు. వెంట్రుకవాసి తేడా లేదు.

తల ఎత్తితే అద్దం తలుపులోంచి ఆమె నన్నే చూస్తోంది. నేను స్కేలును కాగితాల కింద దాచాను. అది ఇంకా సిగ్గుచేటని దాచాక తెలిసింది. పదకొండేళ్లు ఆమె చేతిని కొలవనివాణ్ని, ఆ చేతి పక్కనే బతికినవాణ్ని, గౌరయ్య చేసినదానికి ఈమెను కొలిచాను.

ఆ రోజంతా షాపులోంచి బయటికి రాలేదు. మర్నాడు స్రవంతి అడగకపోయినా పూలకు పోయాను. ఏదైనా మాట్లాడి సర్దుకుందామని. గంప ముందు నేను తప్ప ఎవరూ లేరు. ఎప్పుడూ నాతో మాట్లాడుతూనే కొలిచి ఇచ్చే మనిషి, ఆ రోజు కట్టెను నా వైపు తిప్పి, దండను దాని మీద పరిచి, అంకెలు నాకు కనబడేటట్టు రెండు కొసలూ పట్టుకుంది.

"సూడు సారు, యాభై నాలుగు. ఇగ తెంపనా?"

ఆమె నన్ను సారు అనడం అదే మొదలు. తెంపమని తల ఊపాను.